నోట్లో పెట్రోలు

ఉమ్మింది. మళ్ళీ ఉమ్మింది. మూడోసారి ఉమ్ముదామంటే నోట్లో తడే మిగల్లేదు గానీ ఆ రుచి మాత్రం కదల్లేదు. నాలుక కింద, పళ్ళ సందుల్లో, గొంతు మొదట్లో ఎక్కడో అంటుకుని కూర్చుంది, వెచ్చగా, కాస్త తియ్యగా కూడా, అసలు రోత అదే, ఆ తీపి. విషమన్నది విషంలా చేదుగా ఉండాలి గానీ చంటిపిల్లలకి పట్టే టానిక్కులా తియ్యగా దిగడమేమిటి, ఛీ. మోటారుసైకిలు ట్యాంకులోంచి వచ్చే గొట్టం రెండో కొసని పాత రంగుడబ్బాలో పెట్టింది, పెట్రోలు దాన్లోకి సన్నగా కారుతోంది, తనకేమీ తెలియనట్టు. దిల్సియా మోచేత్తో మూతి తుడుచుకుంది. మోచెయ్యీ అదే కంపు. గౌను అంచుతో తుడుచుకుంది, అదీ అదే కంపు. కిటికీ లోపలినుంచి, మంచం మీదినుంచి, మొగుడి గొంతు వచ్చింది: "పీల్చమన్నాను గానీ తాగమన్నానటే? మెల్లిగా పీల్చి వేలు అడ్డం పెట్టాలే, వేలు! నా జన్మలో ఒక్క చుక్క లోపలికి పోలేదు నాకు." పోయి ఉంటే ఎంత బావుండేది, అనుకుంది దిల్సియా, అలా అనుకున్నందుకు తన మీద తనకే కాస్త అసహ్యం వేసింది, కాస్తే, ఎక్కువేమీ కాదు, ఇవాళ అసహ్యాలన్నిటికీ చోటు చూపించాలి కదా.

మూడింటికి తవీతో వస్తాడు. అడ్డా పెద్ద. నాలుగురోడ్ల మొగలో బాదం చెట్టు కింద బళ్ళేసుకుని కూర్చునే అద్దె బళ్ళవాళ్ళందరికీ వాడే మేస్త్రీ, వాడే జడ్జీ. ఎవడి వంతు ఎప్పుడో, ఎవడి చొక్కా ఎవడికో, అన్నీ వాడి నోటిమాటే. చొక్కా అంటే చొక్కా కాదు, పైన తగిలించుకునే నారింజరంగు చేతుల్లేని కోటు, వీపు మీద అంకె. అది ఒంటి మీద ఉంటేనే ఆ చెట్టు కింద నిలబడి మనిషినెక్కించుకునే హక్కు. మొగుడు ఫౌస్తో కోటు గోడ మేకుకి వేలాడుతోంది, వాడు ఎండాకాలం మొదట్లో ఆవుని తప్పించబోయి కాలవలో పడి తొడఎముక విరగ్గొట్టుకున్న రోజునుంచీ. వాడు ఇక బండెక్కేది ఎప్పుడో దేవుడికే తెలియాలి. ఆ కోటు వాడి చిన్నాన్న కొడుక్కి ఇచ్చేద్దామని అడ్డాలో అనుకున్నారు. నాకివ్వండి అంది దిల్సియా. నవ్వారు. నవ్వి నవ్వి తవీతో కళ్ళు తుడుచుకుని, "సరే చెల్లెమ్మా, నన్ను వెనకెక్కించుకుని మీ ఇంటినుంచి శ్మశానం గేటు దాకా వెళ్ళి వెనక్కి రా. దార్లో ఒక్కసారి కూడా ఆగకూడదు. మన అడ్డా బండి దార్లో ఆగితే మన పేరు పోతుంది. ఆగిందా, కోటు ఫౌస్తో చిన్నాన్న కొడుకుదే" అన్నాడు. అదే ఇవాళ. కోటు పోతే ఇంక ఈ గదే, ఈ మంచమే, ఈ మనిషే, పొద్దున్నించి పొద్దుగుంకేదాకా. తలుచుకుంటేనే పెట్రోలు మళ్ళీ గొంతులోకి ఎగదన్నింది.

పూర్వం ఆమె చేతులు వేరే చేతులు. పన్నెండో తరగతి కూడా పూర్తికాకుండానే బజార్లో జుట్టు కడిగే అంగట్లో చేరింది, రోజంతా ఇతరుల తలలు, గోరువెచ్చని నీళ్ళు, కొబ్బరి వాసన, అవకాడో వాసన, దాల్చినచెక్క వాసన. శనివారం సాయంత్రానికి వేళ్ళ చివర్లు నాని నాని ముడతలు పడేవి గానీ ఎంత శుభ్రంగా ఉండేవో. గోళ్ళ మొదట్లో తెల్లటి నెలవంకలు కనిపించేవి. ఆ అంగడి మూతపడింది, ఇప్పుడక్కడ కోళ్ళంగడి, ఈకలు కాల్చిన కమురు కంపు వీధి చివరదాకా, అటు పోవాల్సొస్తే ముక్కు మూసుకుని పోతుంది. ఇప్పుడీ గోళ్ళు చూడు, అందులో నల్లగా ఉన్నది ఇంజనాయిలో, ఇంకేదో, ఎవరు చెప్పగలరు? ఎందుకంటే ఈ ఇంట్లో రెండు రేకు పళ్ళేలున్నాయి, ఒకటి మంచం కింద, ఒకటి బండి కింద. పొద్దున్నే వాడిది తీసుకెళ్ళి పారబోసి, మొహం పక్కకి తిప్పుకుని నీళ్ళు కొట్టి, తరవాత బండిది. కాలిన ఇంజనాయిలు నల్లగా, జిగటగా, వెచ్చగా పళ్ళెంలోకి దిగుతుంది. ఒంట్లోంచి వచ్చేదీ బండిలోంచి వచ్చేదీ రెండూ వెచ్చగానే ఉంటాయి, ఆ వెచ్చదనమే భరించలేని సంగతి. పక్కింటావిడ మాత్రం ఆ నల్లనూనె కోసం సీసా పట్టుకుని వస్తుంది, గజ్జికుక్కకి రాయడానికి. రాసిన కుక్క వీధంతా నిగనిగలాడుతూ తిరుగుతుంది, వచ్చి ఈమె కాళ్ళకి రాసుకుంటుంది. ఈ ఊళ్ళో ఏ రోతా వృథాగా పోదు.

"నీళ్ళు కనపడ్డాయా?" లోపల్నుంచి. డబ్బాలోకి వంగి చూసింది. లేవు. వాడు నిన్న రాత్రంతా ఆలోచించి తేల్చిన సంగతది, ట్యాంకులో నీళ్ళు దిగాయనీ, అడుగున నీళ్ళు, పైన పెట్రోలు, అందుకే కొంత దూరం పోయి ఆగుతోందనీ, ట్యాంకు కింది కుళాయి తిప్పితే అడుగున కొంత మిగిలిపోతుంది, పైనుంచి గొట్టం పెట్టి లాగాలనీ. "లేవు" అంది. "సరిగ్గా చూడు." "చూశాను, లేవు." వాడి మౌనం కూడా వినపడుతుంది ఆమెకి, మంచం కిర్రుమంటుంది, వాడు గడ్డం గోక్కుంటాడు, గోక్కున్న వేళ్ళు వాసన చూసుకుంటాడు, పెళ్ళైన మొదట్లో ముద్దొచ్చిన అలవాటది, ఆ మొహానికి అప్పుడు ఏం చేసినా చెల్లింది. "అయితే కార్బురేటర్లో నీడిలే. మొన్నే చెప్పాను నీడిలని. నువ్వు సరిగ్గా పెట్టలేదు." నీడిల్, పెట్రోలుని ఆపీ వదిలీ చేసే ఆ సన్నటి సూది, సరిగ్గానే పెట్టింది. మూడుసార్లు విప్పి మూడుసార్లు పెట్టింది ఆ కార్బురేటర్ని, కిటికీలోంచి వాడు అరుస్తుంటే, ఎడమకి, ఎడమకి, నీ ఎడమకి కాదే నా ఎడమకి, జెట్టు విప్పు, గిటారు తీగతో పొడువు, గట్టిగా కాదు, ఊదు, నోటితో ఊదు. నోటితో. ఈ బండి వైద్యమంతా నోటితోనే, ఊదడం, పీల్చడం, ఉమ్మడం, స్క్రూ పళ్ళతో పట్టుకోవడం. ముద్దు పెట్టుకోవడం ఒక్కటే తక్కువ, అనుకుంది. విప్పిన ప్రతిసారీ బండి స్టార్టయింది. అదే చిత్రం. ప్రతిసారీ వాడు "చూశావా!" అని కిటికీ మీద చరిచాడు. ప్రతిసారీ అది రొట్టెలంగడి దాటి, స్కూలు గోడ దాటి, కాస్త అటూ ఇటూగా చచ్చింది. ప్రతిసారీ ఎండలో తోసుకుంటూ వెనక్కి వచ్చింది దిల్సియా, బాదం చెట్టు కిందనుంచి ఒకడు "బండి నిన్నెక్కిందా, నువ్వు బండెక్కావా అక్కా?" అంటే, ఇంకొకడు "గంజి తాగించాల్సింది దానికి" అంటే. ఇంటికొచ్చాక ఫౌస్తో ఒకటే మాట: "బండిలో ఏమీ లేదు. నీ చేతిలోనే ఉంది."

శుభ్రమైనది ఒక్కటి మాత్రం ఉంది బండిలో. స్పార్కు ప్లగ్గు విప్పి, ఇంజనుకి ఆనించి, కిక్కు కొట్టి చూడమన్నాడు మొదటివారంలో. కొట్టింది. ఆ చిన్న సందులో టప్పున నీలంగా వెలిగింది. మళ్ళీ కొట్టింది, మళ్ళీ వెలిగింది. ఇంత జిడ్డులో, ఇంత మసిలో, ఇన్ని కంపుల మధ్య ఆ నీలం ఎలా అంత శుభ్రంగా ఉందో ఆమెకి అర్థం కాలేదు. అవసరం లేకపోయినా ఇంకో నాలుగుసార్లు కొట్టి చూసింది. ఆ సంగతి వాడికి చెప్పలేదు. చెబితే అదీ తనే నేర్పానంటాడు.

డబ్బాలో పెట్రోలంతా గరాటుతో తిరిగి ట్యాంకులో పోసింది, అంచుదాకా. మూత బిగించింది. కిక్కు కొట్టింది, రెండో దెబ్బకే పట్టుకుంది, పట్టుకోకేం, ఎప్పుడూ పట్టుకుంటుంది. వాకిట్లోనే స్టాండు మీద నిలబెట్టి ఎక్స్‌లేటరు తిప్పి పట్టుకుంది, పొగ మొహం మీదికి కొడుతున్నా కదలకుండా, ఇవాళ నీ చావు నా కళ్ళతో చూస్తాను అన్నట్టు. లోపల్నుంచి వాడు ఏదో అరుస్తున్నాడు, వినపడలేదు, వినపడకపోవడం హాయిగా ఉంది. ఈ మోతలో కాసేపు వాడు లేడు. మెడ పక్కన చెమట కారుతోంది, నోట్లో తీపి అలాగే ఉంది, కోళ్ళంగడి వైపునుంచి గాలి, ఇంక మూడు కావస్తోంది, తవీతో తలకి నూనె పూసుకుని వస్తాడు కాబోలు. ఇంతలో మోత సన్నబడింది. దగ్గింది. ఇంకా తిప్పింది. ఇంకోసారి దగ్గి, చచ్చింది. ఒక్కసారిగా వాడి గొంతు మళ్ళీ ఊడిపడింది, "చెప్పానా! నీడిల్ అని చెప్పానా!"

అప్పుడు వచ్చింది కోపం. కాళ్ళనుంచి మొదలై పైకి వచ్చింది. ఉమ్మాలి. నేల మీద కాదు, గోడ మీద కాదు, దీని ట్యాంకులోనే ఉమ్మాలి, నా నోట్లో పోశావు గదే ముండా, నీ నోట్లో నేనూ పోస్తాను. ఎక్కడెక్కడి తడినో కూడగట్టుకుని, వంగి, మూత పట్టుకుని తిప్పింది. మూత రాలేదు. ఎవరో లోపల్నుంచి పట్టుకుని లాగుతున్నట్టుంది. గట్టిగా తిప్పింది. స్స్ మంది. గాలి లోపలికి పోయింది, బయటికి కాదు, లోపలికి, చాలాసేపు నీళ్ళలో మునిగి పైకి తేలినవాళ్ళు పీల్చినట్టు పీల్చింది ట్యాంకు. దిల్సియా నోట్లో ఉమ్మి పెట్టుకునే అలా నిలబడిపోయింది. ఊపిరాడటం లేదా దీనికి? పెట్రోలు కిందికి దిగాలంటే పైన గాలి రావాలి కదా. షాంపూ డబ్బా నొక్కి వదిలితే ముందు గాలి పీల్చుకుని గానీ మళ్ళీ కారదు, ఎన్ని వేల డబ్బాలు నొక్కింది ఆ చేతులతో. మూత తిప్పి చూసింది. నడిమధ్య చిన్న కన్నం ఉండాలి, ఉంది, దానినిండా నల్లటి మట్టేదో. గోటితో గీకింది. మట్టి కింద పసుపుపచ్చగా, మెత్తగా. ముక్కు దగ్గర పెట్టుకుంది. ఇన్ని కంపుల మధ్యా ఆ వాసన గుర్తుపట్టింది, ఎవరు గుర్తుపట్టరు?

క్వాబా సబ్బు. బట్టలకీ అదే, చుండ్రుకీ అదే, చీమ కుట్టినా అదే, పిల్లలు బూతులు మాట్లాడితే నాలిక మీదా అదే. ట్యాంకు చెమ్మగిల్లి కారుతుంటే అద్దె బళ్ళవాళ్ళు రుద్దేదీ అదే. పెట్రోల్లో కరగదు కదా, పట్టుకుంటుంది. దాన్ని అక్కడ పెట్టింది ఎవరో ఆమె ఎవరినీ అడగనక్కర్లేదు. దొంగల భయానికి బండి ఎప్పుడూ హాల్లోనే నిద్రపోతుంది, అందరి ఇళ్ళలోనూ అంతే. కానీ తొడ విరిగాక వాడి మంచం కూడా గాలి కోసమని హాల్లోకి వచ్చింది, ఆమె చాప కూడా వచ్చింది. వాడు, మంచం కింద పళ్ళెం, కట్టు మారుస్తుంటే వచ్చే చీము వాసన, వీటన్నిటి పక్కన వెల్డింగు చేయించుకుని తిరిగొచ్చిన బండి, మూత కన్నంలోంచి రాత్రంతా సన్నగా పెట్రోలు ఆవిరి. అన్ని వాసనల్లోనూ తను ఆపగలిగింది అదొక్కటే. ఒక రాత్రి లేచి, బట్టల సబ్బు గోటితో గిల్లి, ఆ కన్నంలో కుక్కి, బొటనవేలితో నున్నగా అదిమింది. ఆ రాత్రి మొదటిసారి కాస్త నిద్రపట్టింది. పొద్దున్నకి మర్చిపోయింది. అంటే బండిని చంపింది తనే. ప్రతిసారీ కార్బురేటర్ విప్పుతున్నంతసేపూ మెల్లిగా గాలి దిగి అది మళ్ళీ బతికేది, మళ్ళీ తన సబ్బే దాని పీక నొక్కేది. నీ చేతిలోనే ఉంది అన్నాడు. నిజమే అన్నాడు పాడు మొహంవాడు, ఏమీ తెలియకుండా. ఇంత రోతలోనూ అన్నిటికంటే రోతగా అనిపించింది అదే, వాడు నిజం చెప్పి ఉండడం. తలలోంచి పిన్ను తీసి పొడిచింది. సబ్బు నల్లగా తీగలా వచ్చింది. ఊదింది, నోటితోనే. గాలి అవతలికి పోయింది.

"ఏం చేస్తున్నావక్కడ?"

"నీడిల్ చూస్తున్నాను."

"ఎడమకి తిప్పు."

తిప్పుతున్నాను, అంది, చేతులు కట్టుకుని.

తవీతో అన్నట్టే వచ్చాడు, ఇస్త్రీ చొక్కా, తలనూనె, నోట్లో పుల్ల. వాడి బరువుకి బండి వెనక కూలబడింది, వాడి పొట్ట ఆమె వీపుకి ఆనింది, వెచ్చగా, మళ్ళీ ఆ వెచ్చదనం, ఆమె ముందుకి జరిగింది, వాడూ జరిగాడు. రొట్టెలంగడి. ఊపిరి బిగబట్టింది. స్కూలు గోడ. ఇక్కడే చస్తుంది, ఇక్కడే చస్తుంది. చావలేదు. గోడ చివర గజ్జికుక్క నిగనిగలాడుతూ అడ్డమొస్తే బ్రేకు తొక్కి, తప్పించి, మళ్ళీ అందుకుంది. కోళ్ళంగడి కమురు వచ్చి పోయింది. శ్మశానం గేటు దగ్గర తవీతో, "వెనక్కి తిప్పు" అన్నాడు, గొంతులో కాస్త నిరాశతో. తిప్పింది. సందులోకి వచ్చేసరికి ఫౌస్తో కిటికీ ఊచలు రెండు చేతులా పట్టుకుని లేచి కూర్చుని ఉన్నాడు, ఆ లేవడానికి ఎంత నొప్పి పడి ఉంటాడో, మొహం పాలిపోయి చెమట కారుతోంది, అయినా వెలిగిపోతోంది.

"చూశావా తవీతో! నీడిల్! కిటికీలోంచి చెప్పి చేయించాను, కిటికీలోంచి! నా చెయ్యి తగలకుండా!"

"ఏమైంది చెల్లెమ్మా దీనికి నిజంగా? ఇన్నాళ్ళు ఆగిందిగా," అన్నాడు తవీతో దిగుతూ. "అడ్డాలో రేపు ఇంకోడి బండి అలాగే ఆగితే చెప్పాలి కదా."

నీడిల్ అంటే సరిపోతుంది. ఒక్క మాట. వాడు ఆ ఊచల వెనక చక్రవర్తిలా కూర్చుని ఉన్నాడు, పాపం, కట్టు కింద కాలు కుళ్ళుతూ. ఆ ఒక్క మాట ఇస్తే వాడికి రాత్రి అన్నం సహిస్తుంది. కానీ ఆ మాట ఇస్తే రేపటినుంచీ ప్రతి కిక్కుకీ, ప్రతి నట్టుకీ ఆ గొంతు ఉంటుంది, ఎడమకి, నీ ఎడమకి కాదే, నా ఎడమకి. బండి ఇంట్లోంచి బయటికి పోయినా ఆ గొంతు వెనక సీటెక్కి వస్తుంది. నోట్లో తీపి మళ్ళీ ఊరింది.

"నీడిల్ కాదన్నా. సబ్బు. మూత కన్నంలో నేనే సబ్బు కుక్కాను. ఇంట్లో కంపు భరించలేక. క్వాబా సబ్బు."

తవీతో ఒక క్షణం పుల్ల నమలడం ఆపాడు. తరవాత వాడి పొట్ట ముందు కదిలింది, ఆ తరవాత భుజాలు, తరవాత వీధంతా వినపడేలా నవ్వు. ఇక ఆగలేదు, కళ్ళనిండా నీళ్ళు, గోడ పట్టుకున్నాడు. "సబ్బా! ఒరే ఫౌస్తో, నీడిలన్నావు గదరా! సబ్బట! ఓరి నాయనో!" కిటికీలో ఫౌస్తో ఊచలు వదిలి మెల్లిగా వెనక్కి పడుకున్నాడు, మంచం కిర్రుమంది, అంతే. ఆమె అటు చూసింది. జాలి వేసింది, నిజంగానే వేసింది, కానీ జాలిలోనూ ఆ కట్టు వాసనే ఉంది. తవీతో ముక్కు తుడుచుకుని, "కోటు తెచ్చుకో. ఈ పూట వంతు నీదే. ఇవాళ్టినుంచి నీ పేరు క్వాబా. దిల్సియా అని పిలిచినవాణ్ణి అడ్డాలోంచి గెంటేస్తాను" అని వెళ్ళిపోయాడు, సందు చివరదాకా నవ్వుతూ.

మేకు మీది కోటు తీసింది. చంకల దగ్గర ఉప్పు పేరుకుని తెల్లటి చారలు, మెడ పట్టీ నల్లగా, బిరుసుగా, విప్పబోతే చిటపటమంది. వాడి ఏళ్ళ చెమటంతా అందులోనే ఉంది. ఒక్కసారి ఉతికితే, రెండు బకెట్ల నీళ్ళు, సగం పూట ఎండ. కానీ ఉతికేలోపు వంతు పోతుంది, వంతు పోతే చిన్నాన్న కొడుకు చెట్టు కిందే కాచుక్కూర్చున్నాడు. ముక్కుతో ఊపిరి ఆపుకుని, నోటితో పీల్చుకుంటూ, ఒక చెయ్యి, రెండో చెయ్యి, తల మీదినుంచి దించుకుంది. ఆమె చెమటకి తడిసి వీపుకి అతుక్కుంది. మంచం మీదనుంచి వాడు గోడ వైపుకి తిరిగే, "పెట్రోలు చూసుకుని పో" అన్నాడు. "చూసుకున్నాను" అంది.

బాదం చెట్టు కింద తవీతో ముందే చేరి అందరికీ చెప్పేసినట్టున్నాడు, బండి ఆపకముందే ఈలలు, "క్వాబా, క్వాబా, నా వీపు రుద్దవూ" అంటూ. ఆమె బండిని వరసలో చివర నిలబెట్టింది. వరస కదిలింది, ఆమె వంతు వచ్చింది. బస్సులోంచి దోన్యా కాసిల్దా అమ్మగారు దిగింది, పన్నుల ఆఫీసులో పెద్ద గుమాస్తా భార్య, గంజిపెట్టిన తెల్ల గౌను, చేతిలో కేకు పెట్టె, జుట్టు కడిగే అంగట్లో ఎన్నేళ్ళు ఈ తలని తన ఒళ్ళో పెట్టుకుని కడిగిందో దిల్సియా, నురగలో కళ్ళు మూసుకుని నీ చేతులు పువ్వులమ్మా అనేది ఈవిడే. ఈవిడ తన మొహం గుర్తుపట్టలేదు. కోటునే చూసింది, అంకెనే చూసింది. చర్చి వీధికి, అంది. వెనక సీటు మీద రుమాలు పరిచింది. ఎక్కబోయి ఆగింది. ముక్కు ఎగరేసింది, ఇటు చూసింది, అటు చూసింది, మురిక్కాలవ కోసం వెతికినట్టు.

"ఛీ ఛీ, ఏమిటమ్మాయ్ ఈ కంపు? ఎక్కణ్ణుంచి?"

"నాదేనండీ," అంది దిల్సియా, కిక్కు కొడుతూ. "ఎక్కండి. గట్టిగా పట్టుకోండి."